ఓర్పు మోసిన మందుగుండు

ఆ సోమవారం పొద్దున బ్రిక్సమ్‌లో పొయ్యి రాజేసిన ఇల్లు ఒక్కటీ లేదు. ఊరంతా వెళ్ళి సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండ కొమ్ము మీద నిలబడింది. ముసలీ ముతకా, చంటిపిల్లల తల్లులూ, పాదిరీ గారూ, ఆయన వెనకే తాడు తెంపుకొచ్చిన ఆయన మేకా. వస్తాడు వస్తాడని ఏళ్ళ తరబడి చెప్పుకుంటున్న స్పెయిన్ రాజు ఎట్టకేలకు వచ్చేశాడు. తాను రాలేదు, ఓడల్ని పంపాడు. నెలవంకలా వంగి, ఈ కొస నుంచి ఆ కొసకి నీళ్ళు కనపడకుండా, నింపాదిగా తూర్పుకి పోతున్నాయవి. వాటి వెనకాల, వేటకుక్కల్లా దూరం దూరంగా, ఇంగ్లండు ఓడలు.

"అమ్మో, ఎంతెంతవో చూడవే! ఒక్కోదాంట్లో మన ఊరు పడుతుంది, చర్చి గంటతో సహా" అంది సిడ్‌వెల్. పక్కింటావిడ. మొగుడు ఆ ఇంగ్లండు ఓడల్లోనే ఎక్కడో ఉన్నాడు. భయమేసినప్పుడు ఆవిడకి మాటలు ఎక్కువవుతాయి.

"పెద్దదైతే ఏమైంది? పెద్ద ఎద్దు సందులో వెనక్కి తిరగలేదు" అన్నాడు పాస్కో ముసలాయన.

ఆయన పక్కనే కోడలు విల్మాట్. చేతులు కట్టుకుని, దవడ బిగించి చూస్తోంది. మూడేళ్ళుగా ఆ స్పెయిన్ జెండాని ఎదురుగా చూడాలని ఆమె కోరిక. ఇవాళ చూసింది.

ఈ తగువు ఎవరు మొదలెట్టారని ఆ రేవులో అడిగితే ఒక్కొక్కరూ ఒక్కోచోట మొదలెడతారు. పాదిరీ గారైతే మతం అంటారు: రోము పోపు మాట వినని రాణిని దించి, ఇంగ్లండుని మళ్ళీ పాత మతంలోకి లాగాలని స్పెయిన్ రాజు పంతం. ప్లిమత్ నావికులైతే వెండి అంటారు. కొత్త ప్రపంచం గనుల్లోంచి స్పెయిన్ ఓడలు వెండి మోసుకొస్తుంటే మనవాళ్ళు దారికాసి దోచుకున్నారు, దానికి వ్యాపారం అని పేరు పెట్టుకున్నారు. కాస్త లోకం తెలిసినవాళ్ళు డచ్చివాళ్ళ పేరు చెబుతారు: స్పెయిన్ పెత్తనం మీద వాళ్ళు తిరగబడితే మన రాణి సైన్యాన్ని పంపింది. ఆ పైన కిందటేడు, పాత మతానికి ఆశాదీపంలా ఉన్న స్కాట్లండ్ రాణి తల తీయించింది. విల్మాట్‌ని అడిగితే మాత్రం ఒకటే మాట చెబుతుంది. గోధుమలు.

స్పెయిన్‌లో పంటలు పోయి జనం పస్తులున్న ఏడు, ఇంగ్లండు వర్తకుల్లారా, గోధుమలు తెచ్చి అమ్ముకోండి, మీకేం భయం లేదు అని వాళ్ళ రాజే అభయమిచ్చాడు. విల్మాట్ మొగుడు ఆంబ్రోస్ తండ్రిని వెంటబెట్టుకుని, ఓడనిండా గోధుమలు వేసుకుని బిల్బావో రేవుకి వెళ్ళాడు. గోధుమలు దింపించుకున్నారు. ఆ తర్వాత ఓడని పట్టుకున్నారు. పిలిచి పీట వేసి మెడ పట్టుకున్నట్టు, రేవులో ఉన్న ఇంగ్లండు వాళ్ళందర్నీ జైల్లో తోశారు. ఆకలితో ఉన్న ఊరికి తిండి పట్టుకెళ్ళిన మనిషి ఆ ఊరి జైల్లో తిండిలేక, జ్వరమొచ్చి పోయాడు. ముసలాడు ఇంకెన్నాళ్ళులే అని పాస్కోని వదిలేశారు. ఆయన ఇంటికొచ్చేసరికి మణికట్లు రెండూ సంకెళ్ళకి పుండ్లుపడి, వేళ్ళు మోకుని బిగించి పట్టుకోలేకుండా అయ్యాయి.

ఆమెకి మిగిలింది మామగారూ, ఒక చేపల పడవా. పడవ పేరు ఓర్పు. పెళ్ళైన కొత్తలో ఆంబ్రోస్ పెట్టాడు. "ఇంట్లో ఎలాగూ లేదు, రేవులోనైనా ఉండనీ" అనేవాడు.

ఆ సాయంత్రమే ఊరి అఖాతంలోకి ఒక వింత వచ్చింది. స్పెయిన్ వాళ్ళ మహా ఓడల్లో ఒకటి, ముందు తెరచాప కొయ్య విరిగి, తోటి ఓడలు వదిలేసి పోగా, మనవాళ్ళకి లొంగిపోయింది. దాన్ని లాక్కొచ్చి బ్రిక్సమ్ ఎదురుగా లంగరు వేయించారు. బంగారు పూత మేడలతో, కుంటుకుంటూ వచ్చిన ఆ ఓడని చూడ్డానికి ఊరు మళ్ళీ ఒడ్డుకి చేరింది. నావికుల్నీ సిపాయిల్నీ వందలకొద్దీ దింపి, పాత మఠం వాళ్ళ ధాన్యపు కొట్టంలో పెట్టి తాళం వేశారు. ఓడ అడుగున బోలెడు మందుగుండు ఉంది, పీపాలకి పీపాలు.

బుధవారం తెల్లవారగానే ఆ తాలూకా న్యాయాధికారి నార్త్‌కాట్ దొర గుర్రం మీద రేవుకొచ్చాడు. మనిషి నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నాడు.

"మన ఓడల దళంలో మందుగుండు అడుగంటింది. వెంటపడి కాల్చడం తప్ప వాళ్ళని ఆపే దారి లేదు, కాల్చడానికి మందు లేదు. నిన్న ఒక పడవలో కొంత పంపాం. ఇంకా ఉంది. తీసుకెళ్ళేవాళ్ళు కావాలి."

రేవులో ఉన్నది ముసలివాళ్ళూ ఆడవాళ్ళూ. వయసులో ఉన్న మగాళ్ళందరూ దళంలోనే ఉన్నారు. చేపల పడవలో మందు పీపాలంటే ఏమిటో అందరికీ తెలుసు. ఒక్క నిప్పురవ్వ చాలు, ఏరుకోడానికి కూడా ఏమీ మిగలదు. ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకున్నారు.

"నా పడవ ఉంది" అంది విల్మాట్.

"నడిపేదెవరు?"

"నేనే. చుక్కాని మా మామ."

పాస్కో ఆమె వైపు తిరిగాడు. "అమ్మాయ్, అవి ఉప్పుచేపలు కాదే."

"తెలుసు మామా. ఉప్పుచేపలైతే నిన్నొక్కణ్ణే పంపేదాన్ని."

దొర నవ్వలేదుగానీ టోపీ తీశాడు. ఆ ఊళ్ళో చేపలమ్ముకునే ఆడదానికి ఒక దొర టోపీ తీయడం అదే మొదలు.

పీపాల మీద తడి తోళ్ళు కప్పారు. తోళ్ళ మీద తడి తెరచాప పరిచారు. తాడు విప్పబోతుంటే సిడ్‌వెల్ పరికిణీ ఎగదోపుకుని పడవలోకి దూకింది.

"నువ్వెక్కడికే?" అంది విల్మాట్.

"గాలి పడిపోతే తెడ్డు వేసేదెవరు, నీ తాతా? జరుగు. మా ఆయన నన్ను చూడగానే స్పెయినోళ్ళ దగ్గరికి పారిపోతాడేమో, అదొక్కటే నా బెంగ."

ఆ రోజంతా పడమటి గాలి వాళ్ళని మెల్లగా తోసింది. పొయ్యి లేదు కాబట్టి వేడి తిండి లేదు. బార్లీ రొట్టె, జున్ను, పల్చటి బీరు. పాస్కో పొగాకు గొట్టాన్ని వెలిగించకుండానే నోట్లో పెట్టుకుని చప్పరించాడు. గంటకోసారి విల్మాట్ బాల్చీతో సముద్రం నీళ్ళు తోడి తోళ్ళ మీద పోసింది. సిడ్‌వెల్ మొదట్లో ఆగకుండా మాట్లాడింది, తర్వాత పాటలు పాడింది, ఆ తర్వాత పూర్తిగా ఊరుకుంది. ఆవిడ ఊరుకున్నాక మిగతా ఇద్దరికీ భయమేసింది.

గురువారం పొద్దుటికి వైట్ దీవి కనిపించింది. గాలి చచ్చిపోయింది. సముద్రం నూనె పోసినట్టు నిశ్చలంగా ఉంది. ఎదురుగా రెండు దళాలూ ఎక్కడివక్కడే ఆగిపోయి ఉన్నాయి. అంతలో ఉరుములాంటిది వినిపించింది. ఆకాశంలో మబ్బు లేదు.

"ఫిరంగులు. వెయ్యండే తెడ్లు!" అన్నాడు పాస్కో.

ఇద్దరాడవాళ్ళూ తెడ్లు వేశారు. అరిచేతులు బొబ్బలెక్కి, బొబ్బలు చితికి, తెడ్డు కొయ్యలు ఎర్రబడ్డాయి. దగ్గరికి వెళ్ళేకొద్దీ పొగ. అందరికంటే ఈవల రాణిగారి ఓడ ఒకటి కదలకుండా నిలబడి ఉంది, పక్కలకి ఆకుపచ్చా తెలుపూ చారలు. స్పెయిన్ వాళ్ళ ఓడ ఒకటి, తెడ్లున్నది, వెయ్యికాళ్ళ జెర్రిలా దాని మీదికి పాకుతోంది. రాణిగారి ఓడ ఫిరంగులు మాత్రం పలకడం లేదు.

"ఎందుకు కాల్చరే వీళ్ళు? కాల్చండర్రా!" అని అరిచింది సిడ్‌వెల్.

"దేంతో కాల్చమంటావు, ఉమ్మితోనా? అయిపోయినట్టుంది. పోనీ, దాని పక్కకే పోనీ" అన్నాడు పాస్కో.

తెడ్ల ఓడ తన ముందువైపు ఫిరంగులు పేల్చింది. గుండు వీళ్ళ తలల మీదుగా పోయి నీళ్ళలో పడింది. గుండుతోపాటు ఫిరంగిలో కూరిన గుడ్డపీలికలు మండుతూ గాల్లోకి లేచాయి. వాటిలో ఒకటి, పిడికెడంత, తిరుగుతూ తిరుగుతూ వచ్చి సరిగ్గా ఓర్పు మధ్యలో, పీపాలకి కప్పిన తెరచాప మీద పడింది. చుయ్యిమంది. కానీ ఆరలేదు.

విల్మాట్ ఆలోచించలేదు. ఆలోచిస్తే ఆ పని చేసేది కాదని తర్వాత తనే చెప్పింది. తెడ్డు వదిలేసి, పీపాల మీదికి బోర్లాపడి, ఆ నిప్పుముద్దని ఉత్తచేత్తో పట్టుకుని సముద్రంలోకి విసిరింది. అది నీళ్ళలో పడి ఆరిన చప్పుడు ముగ్గురికీ వినిపించింది.

సిడ్‌వెల్ బాల్చీడు నీళ్ళు తెరచాప మీద కుమ్మరించింది.

"చెయ్యి చూపించు" అన్నాడు పాస్కో.

"తర్వాత చూద్దువుగాని. చుక్కాని చూడు మామా!"

ఓడ పక్కకి చేరారు. పైనుంచి ఫిరంగుల పెద్ద తల బయటికి పెట్టాడు. మొహమంతా మసి, కళ్ళు మాత్రమే తెల్లగా ఉన్నాయి.

"ఎవరర్రా అది? చేపలొద్దు, ఫొండి! చస్తారు!"

"చేపలు కావురా అబ్బాయ్, మందు!" అని సిడ్‌వెల్ గొంతు చించుకుంది. "పీపాలకి పీపాలు! తాళ్ళు వెయ్యి, నోరు తర్వాత తెరుద్దువుగాని!"

తాళ్ళు పడ్డాయి. పీపా తర్వాత పీపా పైకి లేచింది. ఫిరంగుల పెద్ద మొదటి పీపా మీద వేసిన గుర్తు చూసి ఆగిపోయాడు. కోట బొమ్మా సింహం బొమ్మా ఉన్న స్పెయిన్ రాజు ముద్ర.

"ఇదెక్కడిది?"

"వాళ్ళదే. మర్చిపోయి మా ఊళ్ళో వదిలేసి వెళ్ళారు. తిరిగిచ్చేద్దామని తెచ్చాం" అంది విల్మాట్.

ఆ మాట ఓడ ఈ చివర నుంచి ఆ చివరకి పాకింది. వందలమంది ఒక్కసారి నవ్విన నవ్వు ఆ పొగలోంచి వచ్చింది. చావు ఎదురుగా ఉన్నవాళ్ళు నవ్వే నవ్వు వేరుగా ఉంటుంది. దాని వెనకే ఫిరంగులు పలికాయి. తెడ్ల ఓడకి ఒక పక్క తెడ్లన్నీ పుల్లల్లా విరిగిపడ్డాయి. అంతలో నైరుతి నుంచి గాలి లేచింది, ఇంగ్లండు తెరచాపలు నిండాయి, స్పెయిన్ నెలవంక మళ్ళీ తూర్పుకి కదిలింది. దీవి మీద కాలు పెట్టాలన్న వాళ్ళ ఆశ ఆ రోజుతో పోయింది.

వెళ్ళిపోతున్న ఓడ మీదనుంచి నావికులు ఓర్పుకి జేజేలు కొట్టారు. పాస్కో లేచి నిలబడ్డాడు. కొడుకు పోయాక ఆయన నడుము అంత నిటారుగా నిలవడం విల్మాట్ చూడలేదు.

ఇంటికొచ్చాక చేతికి పందికొవ్వు రాసి గుడ్డ కట్టారు. ఊరు ఆమెని నెత్తిన పెట్టుకుంది. ఆమె మనసు మాత్రం ఆ కొట్టం మీదే ఉంది. అందులో ఉన్న స్పెయిన్ వాళ్ళకి పురుగుపట్టిన చేపలు పెడుతున్నారనీ, రోజూ ఒకరిద్దరు పోతున్నారనీ రేవులో చెప్పుకుంటున్నారు. ఆ మాటకి ఆమెకి సంతోషమే కలిగింది. కళ్ళారా చూసి మరీ సంతోషిద్దామని వెళ్ళింది.

తలుపు సందులోంచి చూసేలోపే ఆ కంపు ముక్కుకి తగిలింది. ఆమె వెనక్కి తగ్గింది. ఆ వాసన ఆమెకి తెలుసు. పాస్కో బిల్బావో నుంచి తిరిగొచ్చినప్పుడు ఆయన బట్టల్లో వచ్చిన వాసన. ఎన్ని నీళ్ళు కాచి ఉతికినా పోక, చివరికి కాల్చేసిన బట్టలు. ఆంబ్రోస్ చివరి రోజుల్లో పీల్చిన గాలి ఇదేనన్నమాట.

ఆమె ఇంటికి వెళ్ళి, ఆ పొద్దున పడిన కానాగంత చేపల బుట్ట నెత్తికెత్తుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు పాస్కో.

"కొట్టానికి."

"వాళ్ళకా? నీ మొగుణ్ణి మింగినవాళ్ళకా?" ముసలాయన బుట్ట అంచు పట్టుకుని ఆపాడు. "మతిపోయిందా నీకు? చావనీ వాళ్ళని!"

సిడ్‌వెల్ గుమ్మంలో అడ్డం నిలబడింది. "చెయ్యి కాలితే తలకి కూడా అంటుకుందేమిటే? శత్రువుకి మేతా?"

"శత్రువులే, కాదన్నానా? మొన్న వాళ్ళ మీదికి మందు మోసుకెళ్ళాను. రేపు మళ్ళీ మోస్తాను" అంది విల్మాట్. "కానీ మా ఆయన చచ్చిన చావు నా ఊళ్ళో ఎవరూ చావరు. బిల్బావో వాళ్ళూ మనమూ ఒకటేనని రేపెవడైనా అంటే, మొహం ఎక్కడ పెట్టుకుంటావు నువ్వు? అడ్డు లే."

సిడ్‌వెల్ తప్పుకుంది. కాసేపటికి గొణుక్కుంటూ రొట్టెల మూట పట్టుకుని వెనకే వచ్చింది. కాపలావాడు తాళం తీయనన్నాడు. "రాణిగారి ఓడకి మందు మోసిన చెయ్యిరా ఇది. తియ్యి" అని విల్మాట్ కట్టు కట్టిన చెయ్యి వాడి ముక్కు దగ్గర పెట్టింది. వాడు తీశాడు.

మూడో రోజు పాస్కో కూడా వచ్చాడు. సాయం చేయడానికి కాదు, తిట్టడానికి. లోపల మచిన్ అనే నడివయసు నావికుడు ఉన్నాడు, బిల్బావో వైపు బాస్క్ జాతి మనిషి. న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేపల వేటకి వెళ్ళి, అక్కడ మన డెవన్ జిల్లా పడవలతో పోట్లాడుతూ ఇంగ్లీషు నేర్చుకున్నాడు. పాస్కో కూడా వయసులో అక్కడికి వెళ్ళినవాడే.

"దొంగలు!" అన్నాడు పాస్కో తలుపు దగ్గర్నుంచే. "గోధుమలు తిని మనుషుల్ని మింగారు."

"దొంగలెవరు? మా వెండి ఎవరింట్లో ఉంది?" అన్నాడు మచిన్. కూర్చోడానికి ఓపిక లేకపోయినా లేచి కూర్చున్నాడు. "మమ్మల్ని ఓడించామని మురిసిపోకు తాతా. మా కొయ్య విరగ్గొట్టింది మా పక్క ఓడే. మీరు కాదు."

"చూశావా! ఓడ నడపడం రాదని నువ్వే ఒప్పుకున్నావు!"

మచిన్‌కి కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. నవ్వుతో దగ్గొచ్చింది. పాస్కో తిడుతూనే నీళ్ళ ముంత అందించాడు. అందుకుంటుంటే ఆ మణికట్ల మీది మచ్చలు మచిన్ కంటపడ్డాయి. అవేమిటో అతను అడగలేదు. నీళ్ళు తాగి, ముంత తిరిగిస్తూ తల వంచాడు. ఆ తర్వాత ముసలాయన రోజూ వెళ్ళేవాడు, పోట్లాడ్డానికి. వాళ్ళ కాడ్ వేటల గొడవ ఒక్కనాడూ తెమల్లేదు.

కబుర్లు మెల్లగా వచ్చాయి. జలసంధి అవతలి ఒడ్డున కలే రేవు దగ్గర లంగరు వేసుకున్న స్పెయిన్ దళం మీదికి మనవాళ్ళు పాత ఓడలకి నిప్పంటించి గాలివాటున వదిలారట. వాళ్ళు లంగర్లు తెంచుకుని చెల్లాచెదురయ్యారట. మర్నాడు దగ్గర నుంచి కాల్చి తరిమారట. ఇంటికి పోవడానికి దగ్గర దారి లేక స్కాట్లండ్ చుట్టూ తిరిగిపోతుంటే తుఫానులు పట్టుకుని ఐర్లండ్ రాళ్ళ మీద కొట్టాయట. గెలిచామని కొండ మీద మంటలు వేశారు, గంటలు మోగించారు. మనవాళ్ళలో గుండ్లకి పోయినవాళ్ళు కొద్దిమందే. ఇంటిదారిలో జ్వరాలకి పోయినవాళ్ళు చాలామంది. సిడ్‌వెల్ మొగుడు తిరిగొచ్చాడు, సగం మనిషై. ఆవిడ అతన్ని వీపు మీద మోసుకుని మెట్లెక్కింది, దారి పొడుగునా తిడుతూ, ఏడుస్తూ.

నవంబరులో దేశమంతా కృతజ్ఞతా ప్రార్థనలు జరిగాయి. బ్రిక్సమ్ చర్చిలో పడవల యజమానులకి ముందు బల్ల ఉంటుంది. దాని మీద ఏనాడూ ఆడది కూర్చోలేదు. విల్మాట్ ఎప్పట్లా వెనక్కి పోబోతుంటే ఆ బల్ల మీది ముసలి నావికులు సర్దుకుని చోటు చేశారు. ఆమె వెళ్ళి కూర్చుంది. మచ్చపడిన చేతిని ఒళ్ళో, అందరికీ కనపడేలాగే పెట్టుకుంది.

పాస్కో రాలేకపోయాడు. ఊపిరి అందక మంచం పట్టాడు. ఆమె తిరిగి రాగానే అడిగాడు:

"పాదిరీ ఏమన్నాడే?"

"దేవుడు ఊదాడట మామా. శత్రువు చెదిరిపోయాడట."

ముసలాయన మోచేతి మీద కొంచెం పైకి లేచాడు.

"ఊదాడు, కాదనను. కొంచెం ఆలస్యంగా ఊదాడు. ఆ గురువారం పొద్దున ఆయన ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటే, తెడ్లేసింది ఎవరు? పాదిరీని అడగకపోయావా?"

"అడిగాను మామా."

"అడిగావా? ఏమన్నాడు?"

"దేవుడు మనుషుల చేతులతో కూడా పనిచేస్తాడన్నారు."

పాస్కో ఆమె చేతిని తన వంకరపోయిన వేళ్ళ మధ్య పెట్టుకుని చూశాడు. "అయితే సరే" అన్నాడు.

ఆ చలికాలం దాటకుండానే ఆయన పోయాడు. పైఏడు స్పెయిన్ వాళ్ళు డబ్బు కట్టి తమ మనుషుల్ని విడిపించుకున్నప్పుడు, మచిన్ రేవుకి పోయే దారిలో సమాధుల దొడ్డి దగ్గర ఆగి, పాస్కో ఎక్కడున్నాడని అడిగాడు. విల్మాట్ చూపించింది. టోపీ తీసి, వాళ్ళ భాషలో అతనేదో అన్నాడు. ప్రార్థనో, కాడ్ చేపల గురించి ఆఖరి మాటో ఆమె అడగలేదు. యుద్ధం ఇంకా చాలా ఏళ్ళు సాగింది, కొన్నిసార్లు వాళ్ళు గెలిచారు, కొన్నిసార్లు మనం, చివరికి ఆ రాజూ ఆ రాణీ ఇద్దరూ పోయాక కొత్తవాళ్ళు కూర్చుని సంధి చేసుకున్నారు. ఆ రోజు మాత్రం ఆమె మచిన్‌ని రేవుదాకా నడిపించి, పడవ ఎక్కుతుంటే చెయ్యి అందించింది. కాలినదే.